ఒకటో క్లాసు చదివినవాడు

చాండ్లర్, ఆరిజోనా
సెప్టెంబర్ 8, 2024

అక్కయ్యా,

నీ చెవుల పుణ్యమా అని నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కలం పట్టాను. మొన్న ఫోన్‌లో ఒంట్లో ఎలా ఉందని అడిగితే వంకాయ కూర అన్నావు. ఆశిష్ కొనిచ్చిన హియరింగ్ ఎయిడ్ డ్రాయర్‌లో పడేసి, 'ఉత్తరం రాయరా, చదువుకుంటాను' అని కొడుకు చేత మెసేజ్ పెట్టిస్తే కాదనేదెవరు? చేతిరాత కోడి గెలికినట్టుంటే మాత్రం నన్ననకు.

ముందు ఒక ఫిర్యాదు. డెబ్భై ఏళ్లు దాటిన తమ్ముణ్ణి ఇంకా చంటీ అని పిలుస్తావు. పండక్కి పంపే కార్డు కవరు మీద కూడా 'హెచ్' అని ఒక్క అక్షరం, పక్కన ఇంటిపేరు. నాన్నగారు ఏరికోరి తాతగారి పేరు పెడితే, హరనాథ్ అని ఒక్కసారి పూర్తిగా రాయడానికి నీకేమొచ్చింది? చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, నీ నోట ఆ పేరు వినలేదు.

ఇక్కడి కబురు. నేను రిటైరై ఇంట్లో కూర్చుని డిష్‌వాషర్‌లో ప్లేట్లు మృదుల సర్దినవి తీసి మళ్లీ సర్దుతున్నానట. 'బయటికెళ్లి ఎవరికైనా ఉపయోగపడండి, మీకు పుణ్యముంటుంది' అని తరిమేసింది. లైబ్రరీలో ఒక స్మారక కమిటీ వాలంటీర్లు కావాలని పెట్టిన నోటీసు చూశాను, చేరిపోయాను. మా ఇంటికి అరగంట డ్రైవ్‌లో, అక్కడి ఆదివాసీ తెగవాళ్ల నేల మీద, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక క్యాంపు ఉండేదట. వెస్ట్‌కోస్ట్ జపాన్‌వాళ్లను ఇళ్లలోంచి లేపుకొచ్చి ముళ్లకంచె వెనక పడేశారు. జపాన్‌వాళ్లని ఊరికే అనడమే, సగానికి పైగా ఇక్కడ పుట్టిన పిల్లలు, అచ్చం మన ఆశిష్‌లాగే అమెరికా పౌరులు. ముప్పై ఏళ్లుగా ఆ పక్క రోడ్డు మీదే టూసాన్ వెళ్తున్నాను, ఒక్క రోజూ తెలియలేదు. గవర్నమెంటు కాగితాల్లో దానికి ఏదో మెత్తటి పేరుంది. మా కమిటీ నడిపే ఐరీన్ మోరి అని ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంది, తల్లి అక్కడే పెరిగిందట. 'కాన్సంట్రేషన్ క్యాంప్ అనండి హారీ, నోరు తిరగకపోతే ప్రాక్టీస్ చేయండి' అంది నాతో.

ఆ క్యాంపులో చనిపోయినవాళ్ల పేర్లన్నీ ఒక రాయి మీద చెక్కిస్తున్నారు. ఫిబ్రవరిలో ఆవిష్కరణ. చిక్కేమిటంటే రికార్డులు ఒకదానికొకటి పొసగవు. వచ్చినవాళ్ల జాబితా ఒకటి చెబితే, వెళ్లినవాళ్ల జాబితా ఇంకోటి, ఆస్పత్రి పుస్తకం మరోటి. చిప్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఒకే లోపాన్ని రెండుసార్లు లెక్కేసిన ఇంజనీర్లను పట్టుకున్నవాణ్ణి కదా, ఆ పని నాకు ఇచ్చారు.

ఒక కేసు చెప్తాను, నవ్వుకుంటావు. ఒకుదా అని ఒక కుటుంబం. 1942 ఆగస్టులో వచ్చినప్పుడు తండ్రి, తల్లి, ఒక ఆడపిల్ల. పేరు సుమికో, 1936లో పుట్టింది. 1945లో బయటికి వెళ్లినప్పుడు తండ్రి, తల్లి, ఒక ఆడపిల్ల. పేరు మేరీ, 1937లో పుట్టింది. మధ్యలో ఆస్పత్రి పుస్తకంలో, 1943 ఆగస్టులో సుమికో ఒకుదా మరణం. మరి సుమికో పోతే ఈ మేరీ ఎక్కణ్ణుంచి వచ్చింది? క్యాంపులో పుట్టలేదు, ఎనిమిదేళ్ల పిల్ల. మూడు నెలలుగా వీళ్లు జుట్టు పీక్కుంటున్నారు. నేను పది నిమిషాల్లో తేల్చేశాను.

ఇంట్లో పేరు ఒకటి, బళ్లో పేరు ఒకటి! అసలు పుట్టినరోజు ఒకటి, సర్టిఫికెట్ పుట్టినరోజు ఒకటి! మనకి కొత్తా ఇది? ఇద్దరూ ఒక్క పిల్లే. ఆస్పత్రి గుమస్తా వేరే పిల్ల కేసు ఈ పేరు కింద ఎక్కించాడు. ఆ పేజీలో ఇంకో రెండు తేదీలు కూడా తారుమారుగానే ఉన్నాయి. 'మనిషికి రెండు పుట్టినరోజులా?' అని ఐరీన్ నోరు తెరిచింది. నా పాస్‌పోర్ట్ చూపించాను. దీని ప్రకారం నేను 1950లో పుట్టాను, మా అమ్మ లెక్కన 1953 సంక్రాంతి వెళ్లాక పుట్టాను, బళ్లో చేర్చుకోవడానికి వయసు చాలక హెడ్‌మాస్టరు పెంచేశాడు అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. చచ్చిపోయిన పిల్లని బతికించానని మృదుల కూడా మెచ్చుకుంది.

రాయి మీద ఒక పేరు తగ్గింది. మంచి వార్తే కదా.

నీ తమ్ముడు
హరనాథ్


హెర్న్‌డన్, వర్జీనియా
సెప్టెంబర్ 19

చంటీ,

ఉత్తరం అందింది. చేతిరాత బాగానే ఉంది. వంకాయ కూర సంగతి ఇంట్లో అందరికీ చెప్పావట, ఆశిష్ నవ్వుతున్నాడు.

నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే ట్రెయిల్ మీద మైలు నడుస్తున్నాను. సాన్వికి ఎస్ఏటీ పరీక్షట, ఇల్లంతా నిశ్శబ్దం. నాకైతే ఎప్పుడూ నిశ్శబ్దమే.

ఆ పిల్ల గురించి ఒక్క మాట. ఆస్పత్రి పుస్తకంలో జబ్బేమిటని రాశారు? బరువు రాశారా? నలభై ఏళ్లు పిల్లల వార్డులో తిరిగినదాన్ని, అందుకని అడుగుతున్నాను. నర్సు తేదీ తప్పు రాస్తుంది, మందు మోతాదు తప్పు రాస్తుంది. లేని పిల్లని మాత్రం చంపదురా. ఆ పేరు తీసేసేముందు ఇంకొక్కసారి చూడు. తొందరేముంది?

మృదుల మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను చెప్పిన ఎక్సర్‌సైజులు చేయట్లేదని నాకు తెలుసు.

అక్కయ్య


చాండ్లర్
అక్టోబర్ 2

అక్కయ్యా,

డాక్టరువి అనిపించుకున్నావు. జబ్బు వ్యాలీ ఫీవర్ అని ఉంది, ఇక్కడి దుమ్ము పీలిస్తే వచ్చేదే, మన మృదులకి వచ్చిందే. ఊపిరితిత్తులకు పాకిందట. బరువు ముప్పై తొమ్మిది పౌన్లు. అయితే ఏమిటి? పక్క మంచం పిల్లది అయి ఉంటుందంటున్నాను.

నీకు నమ్మకం కుదరట్లేదని తెలుస్తోంది. నా సంగతే ఆలోచించు. రేపు నేను పోయాక ఎవడో నా కాగితాలు తీసి, 'హరనాథ్, 1950' అని ఒకచోట, 'చంటి, 1953' అని అమ్మ డైరీలో ఒకచోట చూస్తే ఇద్దరు పిల్లలనుకోడూ? ఇద్దరిలో ఒకడు ఏమయ్యాడని వెతుకుతూ కూర్చోడూ? ఉన్నది ఒక్కణ్ణే అని చెప్పడానికి నీలాంటిది ఒకతి ఉండాలి. ఒకుదా వాళ్లకి ఎవరూ లేరు, అందుకని నేను చెప్తున్నాను. పైగా నేను ఒకటో క్లాసు చదవకుండానే డోర్నకల్‌లో నేరుగా రెండో క్లాసులో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తెలివి నాకు లేదంటావా?

కోపం తెచ్చుకోకు. బిట్రగుంటలో నన్ను చంకనేసుకుని రైలు పట్టాల దగ్గరికి తీసుకెళ్లి ఇంజను చూపించావు చూడు, నాకు గుర్తున్న మొదటి సంగతి అదే. ఆవిరి వదలగానే మనిద్దరం కెవ్వుమని కంకర మీద పడ్డాం. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఆనాటి నుంచీ నీ మాట ఏనాడూ కాదనలేదు. ఈ ఒక్క విషయం నాకు వదిలెయ్.

నవంబర్ పదిహేనున జాబితా రాయి చెక్కేవాళ్లకి వెళ్లిపోతుంది.

హరనాథ్


హెర్న్‌డన్
అక్టోబర్ 12

చంటీ,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది నాలుగోది, చిన్నదిగా రాస్తాను.

ఆ పేరు తీయకు. ఆగస్టు తర్వాత క్యాంపుకి వచ్చినవాళ్ల జాబితాలు ఉంటాయి కదా, అన్నీ చూశావా? ఒక పిల్ల ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. ఒంట్లో బాగోక ఎవరింట్లోనో ఉండిపోయి ఉండొచ్చు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకరు పోతే, మిగిలిన వాళ్లు ఆ సంగతి ఎత్తకుండా బతికేయగలరు. ఏళ్ల తరబడి బతికేయగలరు. నాకు తెలుసు.

ఎలా తెలుసని అడక్కు. చూడమంటే చూడు.

అక్కయ్య


చాండ్లర్
అక్టోబర్ 21

అక్కయ్యా,

చూడలేదు. చూడను. ఒక్కో నెలకి వందలకొద్దీ పేజీలు, పాత టైపు, కళ్లు పోతున్నాయి. అవసరం ఉంటే చూసేవాణ్ణే. కమిటీలో పన్నెండుమంది ఒప్పుకున్నారు. వర్జీనియాలో కూర్చుని ఒక్క కాగితమైనా చూడని దానివి నువ్వు ఒప్పుకోవట్లేదు. నీకెందుకింత పట్టుదల? నీ పేషెంట్లు నీ మాట విన్నారని అందరూ వినాలా?

మా రూలు ఒకటి ఉంది: ఆధారం ఉంటే చెప్పు, లేకపోతే ఊరుకో. ఉంటే పంపు.

హరనాథ్


హెర్న్‌డన్
నవంబర్ 2

చంటీ,

ఆధారం పంపమన్నావు. కూర్చుని చదువు.

నువ్వు హరనాథ్‌వి కావు.

నీకు అన్న ఉండేవాడు. నాకంటే మూడేళ్లు చిన్న, నీకంటే రెండున్నరేళ్లు పెద్ద. వాడి పేరు హరనాథ్. 1950 జూలై 12న పుట్టాడు. నీ పాస్‌పోర్ట్ మీద, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ మీద ఉన్న తారీఖు వాడిది. ఏ హెడ్‌మాస్టరూ నీ వయసు పెంచలేదు. నీ బారసాల నాడు నాన్నగారు బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు జగదీష్. నేను పక్కన కూర్చుని చూశాను.

1956 దసరా సెలవుల్లో వాడికి జ్వరం వచ్చింది. మూడో రోజుకి గొంతులో పొర కట్టింది. డిఫ్తీరియా అని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు గొంతునొప్పి అన్నారు. నాన్నగారు గూడ్స్ బండి ఆపించి నెల్లూరు తీసుకెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కరే వచ్చారు. అమ్మ వాడి బట్టలన్నీ ఇచ్చేసింది, ఉన్న ఒక్క ఫొటో పొయ్యిలో పెట్టింది. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదంది. నీకు మూడేళ్లు, వారం రోజులు 'అన్న ఏడీ' అని అడిగి మానేశావు.

తర్వాత నాన్నగారికి డోర్నకల్ ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు లేరు. నిన్ను బళ్లో వేయాల్సి వచ్చింది. పుట్టిన కాగితం కావాలన్నారు. నీకు ఏ కాగితమూ లేదు. ట్రంకు పెట్టెలో వాడి రికార్డు షీట్ ఉంది, ఒకటో క్లాసు పాస్ అని. నాన్నగారు అది పట్టుకుని నిన్ను ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో తీసుకెళ్లారు. హెడ్‌మాస్టరు కాగితం చూసి, నిన్ను చూసి, 'ఎనిమిదేళ్లంటున్నారు, ఇంత చిన్నగా ఉన్నాడేం?' అన్నారు. 'జ్వరం వచ్చి చిక్కిపోయాడండీ' అన్నారు నాన్నగారు. ఆయనకి అనుమానం తీరలేదు. నావైపు తిరిగి, 'ఏమ్మా, వీడేనా హరనాథ్?' అని అడిగారు. నాన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నేను 'ఔనండీ' అన్నాను.

నాకు పదకొండేళ్లు. చిన్నదాన్ని, నాన్నగారు పక్కనున్నారు, ఏం చేయగలనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ మాటతో వాడు అసలు పుట్టనట్టే అయిపోయాడు. ఒకటో క్లాసు చదవకుండా రెండులో కూర్చున్నానని నువ్వు గొప్పలు పోయినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. ఆ క్లాసు చదివింది వాడు.

అమ్మ ఆ పేరుతో నిన్ను ఒక్కసారి పిలవలేదు. నేనూ పిలవలేకపోయాను.

అమ్మ ఉన్నన్నాళ్లూ ఒట్టు వేశాననుకున్నాను. అమ్మ పోయాక నీ కాగితాలకి ఏమైనా ముంచుకొస్తుందని, ఈ దేశంలో నిన్ను నిలదీస్తారని భయపడ్డాను. నువ్వు సిటిజన్‌వి అయ్యాక భయానికి కూడా సాకు లేదు. ఉత్త పిరికితనం.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ నువ్వు నిన్నే సాక్ష్యంగా చూపించి ఆ సుమికోని కొట్టేశావు. నీ లెక్కంతా నా అబద్ధం మీద కట్టుకున్నావురా. పదిహేను లోపల ఆపు.

అక్కయ్య


చాండ్లర్
నవంబర్ 17

వదినగారికి,

మృదులని. మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు, ఫోన్‌లో అయితే మీకు వినిపించదు, ఆశిష్ చేత చెప్పిద్దామంటే సంగతేమిటో నాకే తెలియదు.

ఏడో తారీఖున మీ ఉత్తరం వచ్చింది. ఈయన గరాజ్‌లో కార్‌లో కూర్చుని చదువుకున్నారు. గంట తర్వాత నేనే వెళ్లి పిలిచాను. అప్పట్నుంచీ మనిషి మనిషిలో లేరు. ఏమిటండీ అంటే ఏమీ లేదంటారు. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. నలభై ఆరేళ్ల కాపురంలో నా దగ్గర దాచిన కాగితం ఇదొక్కటే.

పన్నెండున ఐరీన్ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టారు, నేను పక్కనే ఉన్నాను. 'హారీ, ఒకుదా ఎంట్రీ ఫైనలేనా? సుమికో పేరు లేకుండా పంపేయనా?' అంది. ఈయన చొక్కా జేబు తడుముకున్నారు. తర్వాత 'యెస్, గో అహెడ్' అన్నారు. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి వదిలేశారు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

మీరేం రాశారో నేను అడగను. ఒక్కటి చెప్పండి వదినా, ఈయన చేసింది తప్పా? తప్పయితే చెప్పే ధైర్యం నాకుంది, విషయమే తెలియట్లేదు.

మృదుల


చాండ్లర్
డిసెంబర్ 8

అక్కయ్యా,

నీ ఉత్తరం మృదులకి చదివి వినిపించాను. తర్వాత ఆవిడ నీకు రాసిన ఉత్తరం సంగతి నాకు చెప్పింది. కాబట్టి నేనేం చేశానో నీకు తెలుసు.

నీ ఉత్తరం ఏడున వచ్చింది. పన్నెండున ఐరీన్ అడిగింది. చెప్పడానికి ఐదు రోజులున్నాయి. చెప్పలేదు. నీ మీద కోపం, నాన్నగారి మీద కోపం, పన్నెండుమంది చప్పట్లు కొట్టిన మాట వెనక్కి తీసుకోవాలంటే నామోషీ. ఆ పిల్ల పేరు కంటే నా పరువే ముఖ్యమనిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజం కనక. తెలియక చేసిన తప్పు ఒకటి ఉంది, అది నీ మీదకి నెట్టొచ్చు. తెలిసి చేసింది ఇంకోటి ఉంది. అది నాదే. నువ్వు పదకొండేళ్లప్పుడు అన్నావు, నేను డెబ్భై ఒక్కేళ్లప్పుడు అన్నాను.

పదిహేనున జాబితా వెళ్లిపోయింది. ఇరవైన లైబ్రరీకి వెళ్లి, నువ్వు చెప్పినట్టే ఆగస్టు తర్వాత వచ్చినవాళ్ల జాబితాలు తీశాను. రెండు రోజులు పట్టింది. అక్టోబర్ తొమ్మిదో తారీఖు పేజీలో ఉంది. మేరీ ఒకుదా, ఆడ, ఐదేళ్లు. తల్లిదండ్రుల కింద లేదు, పిన్ని కుటుంబం నంబరు కింద రాశారు. పక్కన టైపులో 'తట్టు తగ్గాక పంపబడింది' అని ఉంది. ఊరు ఖాళీ చేయించేనాటికి పిల్ల ఆస్పత్రిలో ఉంటే అక్కడే వదిలేయించారు, తగ్గాక పిన్ని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరు పిల్లలు, అక్కయ్యా. రెండు రోజుల పని. నువ్వు మూడుసార్లు అడిగావు.

ఐరీన్ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. పేజీ చదివి, 'ఎప్పుడు తెలిసింది?' అంది. ఇంటి సంగతి కొంత చెప్పి, అనుమానం ఏడునే వచ్చిందన్నాను. 'పన్నెండున నేను నీకు ఫోన్ చేశాను, హారీ' అంది. అంతే అంది. టీ కూడా ఇచ్చింది, తాగలేకపోయాను.

రాయి చెక్కడం అయిపోయింది. అరవై ఒక్క పేర్లు, ఇంటిపేర్ల వరస ప్రకారం. ఇప్పుడు సుమికోని వరసలో ఇరికించలేరు, అన్నింటికంటే కింద విడిగా చెక్కుతారు. నేను 'ఒక్కరే' అని కలిపేసిన మిగతా పదకొండు కేసులూ మళ్లీ తెరిచాం. ఇంకో ఇద్దరి దగ్గర నాకు నమ్మకం లేదు. ఇకమీద నా పని ఇంకొకరు సరిచూస్తారు, నేనే అడిగాను.

మేరీ బతికే ఉంది. ఎనభై ఏడేళ్లు, ఫ్రెస్నోలో ఉంటుంది, పెళ్లయ్యాక పేరు మారింది, చర్చి ద్వారా ఐరీన్ పట్టుకుంది. 'చెప్పాల్సింది నువ్వే' అని ఫోన్ నా చేతికిచ్చింది. అంతా చెప్పాను. ఆవిడ విని, 'అంటే నన్నే ఇద్దరినీ చేశారన్నమాట' అంది. సారీ చెప్పాను. 'మా అమ్మ కూడా ఆ పేరు మళ్లీ ఎత్తలేదు. ప్రతి ఆగస్టులో నేనొక్కదాన్నే గోడవైపు తిరిగి అనుకుంటాను. నా తర్వాత ఎవరనుకుంటారు?' అంది. పర్వాలేదు అని మాత్రం అనలేదు. అనకపోవడమే మంచిదయింది. చివర్లో 'నీకెన్నేళ్లు?' అని అడిగింది. డెబ్భై నాలుగని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఫోన్ ఐరీన్‌కిచ్చేశాను.

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. అన్న ఉండేవాడని చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణని అడుగుతావేమో. ఏమీ చేసేవాణ్ణి కాదు. వాడి పుట్టినరోజు నాడు నేను కేకు కోయించుకునేవాణ్ణి కాదు, అంతే.

దీంతో మా కమిటీ ఫారం ఒకటి పెడుతున్నాను. చనిపోయినవాళ్ల ఒక్కొక్కరి గురించి ఇదే నింపుతాం. వాడి గురించి నింపు. తెలిసిందే రాయి. తెలియనిచోట తెలియదని రాయి, ఊహించకు. అదే ఇక్కడి మొదటి రూలు, నేను తప్పిందీ అదే.

ఏ పేరుతో సంతకం పెట్టాలో తెలియక వదిలేస్తున్నాను.


హెర్న్‌డన్
జనవరి 16, 2025

చంటీ,

ఫారం నింపాను. ఐదు వారాలు పట్టింది. క్షమించమని అడగడానికి ఈ ఉత్తరం రాయట్లేదు, అడిగే హక్కు ఇంకా రాలేదు.

మొదటి గడిలో పేరు రాయాలి. నవంబర్‌లో నీకు రాసిన ఉత్తరం తప్పిస్తే, 1956 తర్వాత ఆ పేరు పూర్తిగా రాయడం ఇదే. హరనాథ్ అని రాసి చూస్తూ కూర్చున్నాను. సాన్వి వచ్చి నా భుజం మీద నుంచి చూసి, పెద్దగా, నాకు వినపడేలా, 'నానమ్మా, ఇది చంటి తాత నేమ్ కదా? డెత్ డేట్ ఎందుకు రాసావు?' అంది. ఇది ఇంకో తాత పేరమ్మా, నాకు ఇద్దరు తమ్ముళ్లు అన్నాను. అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఆశిష్ వంటింట్లోంచి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ చెప్పాను. హియరింగ్ ఎయిడ్ కూడా పెట్టుకున్నాను, వాళ్లు అడిగేవి వినాలని.

చాలా గళ్లలో తెలియదనే రాశాను. ఎత్తు తెలియదు. ఫొటో లేదు. అంత్యక్రియలు ఎక్కడ చేశారో తెలియదు, నాన్నగారిని ఎవరూ అడగలేదు. చదువు దగ్గర 'ఒకటో క్లాసు పాస్, రైల్వే స్కూలు, బిట్రగుంట' అని రాశాను. అలవాట్ల దగ్గర, నెయ్యి వేస్తే అన్నం తినడు, చెప్పులు కుడిఎడమలు మార్చి వేసుకుంటాడు అని రాశాను.

ఆఖరి గడిలో 'ఈ మనిషి గుర్తున్నవారు' అని ఉంది. అక్కడ నా పేరు రాసి చాలా రోజులు ఆగిపోయాను. ఇంకో పేరు రాయాలి. రాయాలంటే నీకు ఇంకొకటి చెప్పాలి.

బిట్రగుంటలో నిన్ను చంకనేసుకుని ఇంజను చూపించింది నేను కాదు. ఆ రోజు నేను బళ్లో ఉన్నాను. వాడు తీసుకెళ్లాడు. ఆరేళ్లవాడు, నిన్ను మోయలేడు, నీ కాళ్లు వాడి మోకాళ్ల దాకా వేలాడేవి. ఆవిరి వదలగానే ఇద్దరూ కంకర మీద పడ్డారు. నీ మోచెయ్యి గీరుకుపోతే నువ్వు ఏడవలేదట, వాడే ఏడ్చుకుంటూ నిన్ను ఇంటికి మోసుకొచ్చాడు. అమ్మ వాణ్ణి కొట్టింది. కాలేజీలో ఉన్నప్పుడు నువ్వు మచ్చ చూపించి, 'అక్కా, అది నువ్వే కదా?' అని అడిగావు. నేను ఔనన్నాను. వాడి గురించి నీకు మిగిలిన ఒక్కటీ నేనే తీసేసుకున్నాను.

అందుకని రెండో పేరు నీది. బంధుత్వం దగ్గర 'తమ్ముడు' అని రాశాను. సాక్షులు ఎవరి సంతకం వాళ్లే పెట్టాలట, నాది పెట్టాను. నీది నువ్వు పెట్టు. ఏ పేరుతో పెడతావో నీ ఇష్టం.

ఈ రోజు నీ పుట్టినరోజు. నీదే.

అక్కయ్య